షూనేమీయురాలి మౌనము

ధ్యాన భాగము: 2 రాజులు 4:18-37



ఈ నెల ధ్యానమునకు నేను ఎన్నుకొనిన సంగతి మన ప్రసంగములలో సాధారణముగా వినబడనిది. కడుపు పోయిన తల్లులను గూర్చియు, కాన్పు గదిలో ఊపిరిలేని బిడ్డను చూచి వట్టి చేతులతో ఇల్లు చేరిన తలిదండ్రులను గూర్చియు వ్రాయబోవుచున్నాను. ఇది ఆడవారి సంగతి, పత్రికలో వ్రాయదగినది కాదని కొందరు పెద్దలకు తోచవచ్చును. వారు కూడ దయచేసి తుదివరకు చదువవలెనని మనవి. ఈ విషయములో తప్పు చేసినవాడను నేను. నేనును పురుషుడనే, పెద్దవాడనే.

ముందు ఆ తప్పు చెప్పుకొందును. 2022 జూలై మాసములో మన సంఘములోని ఒక సహోదరికి ఏడవ నెలలో బిడ్డ పోయెను. అంతకు రెండేండ్ల క్రిందట మూడవ నెలలో ఒకసారి పోయియుండెను గాని ఆ సంగతి నాకు చెప్పినవారు లేరు. మూడవ దినమున నేను వారి యింటికి పోతిని. ఆమె మంచము మీద గోడకు ఆనుకొని కూర్చుండెను. నేను ఒక కీర్తన చదివి, "దేవుని చిత్తమమ్మా. నీవింకా చిన్నదానివి, మళ్లీ కలుగుతారు" అంటిని. ఎట్లున్నావని అడుగగా, "బాగానే ఉన్నానయ్యగారూ" అనెను. ప్రార్థన చేసి లేచితిని. ఆ సాయంకాలము కమిటీ కూటము ఉండెను. మొత్తము పది నిమిషములు. నా దర్శనముల పుస్తకములో, ఆమె ఆదరణ పొందినదని వ్రాసికొంటిని.

తరువాత పదకొండు నెలలు ఆమె ఆరాధనకు రాలేదు. భర్త ఒక్కడే వచ్చి వెనుక బల్లమీద కూర్చుండి ఆశీర్వాదమునకు ముందే వెళ్లిపోవుచుండెను. నేను విశ్వాసము చల్లారినదనుకొంటిని. అంతటితో ఆగక, ఒక ఆదివారము ప్రసంగములో, చిన్న శ్రమకే వెనుకంజ వేయువారిని గూర్చి పేరు చెప్పకుండ ఒక మాట విసరితిని. అతడు ఆ దినమున కూడ వెనుక బల్లమీద ఉండెను.

నా కన్నులు తెరచినది మన సంఘములో పూర్వము బైబిలు స్త్రీగా పనిచేసిన వృద్ధమాత. ఆమె మాటలను ఉన్నవి ఉన్నట్లు అచ్చు వేయుటకు సంకోచించితిని గాని, మార్చుటకు మనస్సొప్పలేదు. "అయ్యగారూ, మీరు వెళ్లిన రోజున ఆ పిల్లకు పాలొచ్చి రొమ్ములు రాళ్లలాగ గట్టిపడి ఉన్నాయి. తాగే బిడ్డ లేదు. ఆ నొప్పితో కూర్చుంటే మీరు మళ్లీ కలుగుతారన్నారు. ఆ పిల్ల మీతో ఏం చెబుతుంది?" అనెను. మరునాడు ఆ ముసలమ్మ మల్లెమొగ్గలు కొని తీసికొని పోయి, మన పెద్దల వాడుక చొప్పున ఆ తల్లి రొమ్ములకు కట్టి, చల్లని తడిగుడ్డ వేసి, ఆ రాత్రి అక్కడనే పండుకొనెనట. ఒక్క వాక్యము కూడ చదువలేదట. నాలుగైదు నెలలు దాటిన తరువాత బిడ్డ పోయినప్పటికిని పాలు రావచ్చునని వైద్యులు చెప్పుదురు. ఇన్ని సంవత్సరములు సంఘ కాపరిగా ఉండి నేను ఈ సంగతి ఎరుగను. (గడ్డ నొప్పిపుట్టి జ్వరము వచ్చినచో మల్లెపూలతో ఆగక డాక్టరుకు చూపవలెను.)

అటుతరువాత నేను 2 రాజులు నాలుగవ అధ్యాయము మరల చదివితిని. ఎన్నోసార్లు బోధించిన భాగమే. ఎల్లప్పుడును చివరనున్న అద్భుతమునకే పరుగెత్తితిని గాని నడుమనున్న తల్లిని చూచియుండలేదు.

షూనేములో ఘనురాలైన స్త్రీ యొక్క కుమారుడు కోతకాలమున పొలములో తలనొప్పి అని కేకవేసెను. తండ్రి పనివానిని పిలిచి, వానిని తల్లియొద్దకు ఎత్తుకొని పొమ్మనెను. మధ్యాహ్నమువరకు తల్లి ఒడిలో ఉండి బిడ్డ చనిపోయెను. ఆమె వానిని దైవజనుని మంచముపై పరుండబెట్టి తలుపు వేసి, గాడిదను సిద్ధపరచుమని భర్తకు కబురు చేసెను. నేడు అమావాస్యయు కాదు, విశ్రాంతిదినమును కాదు, ఎందుకు పోవుచున్నావని అతడు అడుగగా ఆమె అంతయు క్షేమమే అను ఒక్క మాట చెప్పి బయలుదేరెను. కర్మెలు కొండకు చేరువైనప్పుడు ఎలీషా దూరమునుండి చూచి గేహజీని పరుగెత్తించి, నీకును నీ పెనిమిటికిని నీ బిడ్డకును క్షేమమా అని అడిగించెను. ఆమె ఆ సేవకునితోను అదే మాట చెప్పెను. లోపల బిడ్డ శవమై యుండగా పైకి క్షేమము!

నా యెదుట ఆ సహోదరి పలికిన "బాగానే ఉన్నానయ్యగారూ" అను మాట ఇదే. అబద్ధమాడినదని ఆమెను అనగలమా? ఈ మాట వినుటకు తగినవాడవు నీవు కావని షూనేమీయురాలు గేహజీకి మర్యాదగా తెలిపెను. మన సహోదరియు నాకట్లే తెలిపెను. నేను గ్రహింపక పుస్తకములో వ్రాసికొంటిని.

ఆమె కొండమీద దైవజనుని పాదములు పట్టుకొనెను. గేహజీ ఆమెను త్రోసివేయుటకు దగ్గరకు వచ్చెను. అతడు చెడ్డవాడని అనుకొననక్కరలేదు. గురువు మర్యాద కాపాడుచున్నాననుకొనెను. మన యిండ్లలోను ఇట్టి గేహజీలు గలరు. ఏడ్వవద్దు, ఏడ్చిన అవిశ్వాసమగును అనువారు, నలుగురిలో ఈ మాటలేమి అనువారు, అది ఇంకను బిడ్డ కానే కాదు గదా, నెత్తురు ముద్దయే గదా అనువారు. వీరందరును త్రోయుచున్నారు. దేవుడు తన తోటకు ఒక పువ్వు కావలెనని కోసికొనెనని చెప్పువారిని కూడ నేను వీరితోనే చేర్చుదును. నేనును సమాధియొద్ద ఆ మాట చెప్పినవాడనే. అయితే బిడ్డను తల్లియొద్దనుండి కోసికొనుటలో ముచ్చటపడు దేవుని నేను లేఖనములలో వెదకితిని, కనబడలేదు.

ఎలీషా గేహజీని ఆపెను. ఆమె ప్రాణము ఎంతో నొచ్చియున్నదనియు, యెహోవా ఆ సంగతి తనకు తెలుపక దాచియుంచెననియు చెప్పెను. ఇక్కడ ఆగుడి, ప్రియులారా. యొర్దానును పాయలు చేసిన ప్రవక్త, దేవునితో మాటలాడువాడు, నాకు తెలియదు అనుచున్నాడు. తెలియనందుకు సిగ్గుపడలేదు. తెలిసినట్లు ఒక కారణము అల్లి చెప్పలేదు. దుఃఖించు ఇంటికి వెళ్లు కాపరులును పెద్దలును స్త్రీల సమాజపు సహోదరీలును ముందుగా నేర్చుకొనవలసిన మాట ఇదియే: "ఎందుకిట్లయ్యెనో నాకు తెలియదమ్మా." నేను ఆ దినమున దేవుని చిత్తము అంటిని. ఏ చిత్తము, ఎవరు నాకు చెప్పిరి?

తరువాత ఆమె నోరు తెరచెను. బిడ్డ కావలెనని నేను అడిగితినా, నన్ను భ్రమపెట్టవద్దని చెప్పలేదా అని దైవజనుని నిలదీసెను. అది కోపము. ఆయన గద్దింపలేదు, విశ్వాసపాఠము చెప్పలేదు. యోబు స్నేహితులును మొదటి ఏడు దినములు నేలమీద కూర్చుండి ఒక మాటయైన పలుకక ఉండిరని యోబు 2:13లో చదువుచున్నాము. ఆ ఏడు దినములు వారు మంచి స్నేహితులే. నోరు తెరచిన తరువాతనే చెడిపోయిరి.

మన స్త్రీల నోటికి అడ్డుపడునది మరియొకటి గలదు, అది నిందాభయము. కడుపు పోయినదనగానే అత్తగారు, పొరుగువారు లెక్కలు తీయుదురు. బిందె ఎత్తెను, గ్రహణమునాడు బయటకు వచ్చెను, ప్రయాణము చేసెను, ఎవరి దృష్టియో తగిలెను. క్రైస్తవ గృహములలో దీనిపై మరియొక అంతస్తు కట్టుదురు: ఏదో పాపము దాచియుంచినది. ఆ తల్లి రాత్రివేళ పడుకొని ఈ లెక్కలన్నియు తానే మరల వేసికొనుచుండును. వైద్యశాస్త్రము చెప్పు మాట వినుడి. గర్భము నిలిచినదని తెలిసిన తరువాత ప్రతి నూరింటిలో 10 నుండి 15 వరకు గర్భస్రావమగుచున్నవని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలుపుచున్నది. మొదటి మూడు నెలలలో పోవువానిలో దాదాపు సగము, బిడ్డ రూపొందు తొలి గడియలలోనే క్రోమోజోముల లెక్క సరిగా కుదరకపోవుటవలన కలుగును. అది ఒకరు చేసినదియు కాదు, ఒకరు ఆపగలిగినదియు కాదు. ఇంటి పని చేసినందున, మెట్లు ఎక్కినందున, భర్తతో మాటపట్టింపు వచ్చినందున పోవదు. నెలలు నిండుచుండగా పోయినప్పుడు రక్తపుపోటు, మధుమేహము, మాయకు సంబంధించిన లోపము మొదలైన కారణములు ఉండవచ్చును. మరల మరల పోవుచున్నచో భార్యాభర్తలిద్దరును పరీక్ష చేయించుకొనవలెను. కారణము వెదకుట వేరు, నేరము మోపుట వేరు.

ఈ సంగతిలో ఎలీషా చేసిన పూర్వపు కార్యమొకటి మనకు సహాయము చేయును. 2 రాజులు 2:19-22లో యెరికో పట్టణస్థులు వచ్చి, ఊరు మంచిదే గాని నీళ్లు చెడ్డవి అని మొరపెట్టుకొనిరి. మన తెలుగు బైబిలులో నేల సారము లేనిదని అర్థమిచ్చు మాట ఉన్నది గాని, హెబ్రీ మూలములో ఉన్నది బిడ్డలను కోల్పోవుటకును గర్భము జారుటకును చెప్పు మాట. నిర్గమకాండము 23:26లోను హోషేయ 9:14లోను అదే ధాతువు. అనగా ఆ ఊరిలో గర్భములు నిలుచుట లేదని భావింప వీలున్నది. ఎలీషా ఏమి చేసెను? ఊరి స్త్రీలను వరుసగా నిలువబెట్టి ఎవరు పాపము చేసిరని అడిగెనా? క్రొత్త పాత్రలో ఉప్పు తెమ్మని, నీటి ఊటయొద్దకు పోయెను. దోషము నీటిలో ఉన్నదనెను, నీటిని బాగుచేసెను. మన ఊళ్లలో కోడలిని నిలువబెట్టి అడుగు పెద్దలు ఈ నాలుగు వచనములు చదివి అటుపిమ్మట మాటలాడవలెను.

మరల షూనేముకు వత్తము. ఎలీషా మొదట తాను కదలలేదు. తన చేతికర్రను గేహజీకి ఇచ్చి, త్రోవలో ఎవరిని పలుకరింపక పోయి బిడ్డ ముఖముమీద పెట్టుమని పంపెను. తల్లి ఒప్పలేదు, నిన్ను విడువనని పట్టుపట్టెను. అప్పుడాయన లేచి ఆమె వెంట నడిచెను. ముందు పోయిన కర్ర బిడ్డమీద పెట్టబడెను గాని శబ్దము లేదు, చలనము లేదు. ఈ నాడు మనము ఎన్ని కర్రలు పంపుచున్నాము! వాట్సాపులో ఒక వాక్యము, చేతులు జోడించిన బొమ్మ, ప్రార్థించుచున్నాము అను రెండు మాటలు. నా పది నిమిషములును చేతికర్రయే. ఎలీషా స్వయముగా లోపలికి వెళ్లి తలుపు వేసి ప్రార్థించి, నోటిమీద నోరును కన్నులమీద కన్నులును చేతులమీద చేతులును ఉంచి ఆ చల్లని దేహముపై వంగెను. లేచి ఇంటిలో అటునిటు తిరిగెను, మరల వంగెను. ఆయనకును వెంటనే కాలేదు.

ఇక్కడ ఒక సహోదరి నన్ను ఆపి అడుగవచ్చును: అయ్యగారూ, ఆమె బిడ్డ లేచెను గదా, నా బిడ్డ లేవలేదు గదా? సత్యమే. ఈ భాగము చదివి నీ బిడ్డయు లేచును అని ఈ లోకవిషయముగా చెప్పుటకు నాకు అధికారము లేదు. దావీదు తన పసిబిడ్డ చనిపోయిన తరువాత, వాడు నాయొద్దకు రాడు గాని నేనే వానియొద్దకు పోవుదునను భావముతో మాటలాడెను (2 సమూయేలు 12:23). రూపము ఏర్పడని దేహమును దేవుని కన్నులు చూచెనని 139వ కీర్తన చెప్పుచున్నది. స్కానింగులో ఒక్కసారి గుండె కదలిక చూచిన బిడ్డయైనను, అదియు చూడకముందే పోయిన బిడ్డయైనను, ఆయన కన్నులకు మరుగైనది కాదు. ఇంతవరకు వ్రాయుటకు నాకు ధైర్యమున్నది. ఇంతకు మించి ఆయన చేతిలో విడుచుచున్నాను.

ఆదరణ పొందుటకు దేవుడు సంఘమును మాత్రమే ఇచ్చెనని అనుకొనరాదు. లండను ఆసుపత్రులలో గర్భము పోగొట్టుకొనిన స్త్రీలను గూర్చి 2020లో ప్రచురింపబడిన పరిశోధనలో, ఒక నెల తరువాత నూటికి 29 మందిలో ఘోరప్రమాదము చూచినవారికి కలుగునట్టి మనోవేదన లక్షణములు కనబడెను. తొమ్మిది నెలల తరువాతను 18 మందిలో అవి మిగిలియుండెను. పదకొండు నెలలు గుడికి రాలేని సహోదరిని నేను విశ్వాసహీనురాలనుకొంటిని! నిద్ర లేకపోవుట, అన్నము సహింపకపోవుట, ఆ గది ఆ మంచము మరల మరల కన్నులయెదుట నిలుచుట, పసిపిల్లలను చూడలేకపోవుట మొదటి దినములలో సహజము. వారములు గడచినను అవి తగ్గక పోయినను, బ్రదుకుట వ్యర్థమను తలంపు ఒక్కసారి వచ్చినను, మానసిక వైద్యునియొద్దకు తీసికొని పోవలెను. కాలు విరిగిన ఆసుపత్రికి పోవుటలో లేని సిగ్గు ఇందులో ఎందుకుండవలెను? 2022 అక్టోబరు 10న ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఫోను చేసిన, పగలైనను రాత్రియైనను ఉచితముగా తెలుగులోనే మాటలాడువారు దొరకుదురు. తలుపు వేసికొని ఒంటరిగా మాటలాడవచ్చును. ఎవరి కోడలివని వారు అడుగరు.

ఉద్యోగము చేయు సహోదరీలు మరియొకటి తెలిసికొనవలెను. 1961 నాటి ప్రసూతి చట్టములోనే గర్భస్రావమైన స్త్రీకి వైద్యుని ధృవపత్రము మీద ఆరు వారములు జీతముతో సెలవు నిర్ణయింపబడెను. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోను ఆ ఆరు వారములు ఉన్నవి. నాలుగవ దినముననే పనికి పోయిన తల్లులను నేనెరుగుదును. అడుగుటకు సిగ్గుపడిరి.

తండ్రులను గూర్చి ఒక మాట. షూనేములో తండ్రి, వానిని తల్లియొద్దకు తీసికొని పొమ్మని చెప్పి కోతలో ఉండిపోయెను. ఆ బిడ్డ చనిపోయిన సంగతి అతనికెప్పుడు తెలిసెనో గ్రంథము చెప్పదు. మన పురుషులును ఆసుపత్రి బిల్లు కట్టుట, చిన్న మూటను చేతులలో పెట్టుకొని సమాధుల తోటకు పోవుట, పలుగు పట్టినవానికి కూలి ఇచ్చుట, ఈ పనులన్నియు చేసి మరునాడు పనిలోకి పోవుదురు. వారిని ఎట్లున్నావని అడుగువారు లేరు. నీ భార్య ఎట్లున్నదని అడుగుదురు. ఊపిరి తీయని బిడ్డకు ప్రార్థన అక్కరలేదని మన యిండ్లలో కొందరు చెప్పుకొనుచు, చీకటివేళ తోట మూలను పూడ్చి వచ్చుట నేనెరుగుదును. అట్టి నిషేధము నాకు లేఖనములో కనబడలేదు. ఇకమీదట అట్టి కబురు వచ్చిన, వేళకాని వేళయైనను, నన్ను పిలువుడి.

ఆ వృద్ధమాతను నేను ఒకటి అడిగితిని: అమ్మా, ఆ రాత్రి ఏమి చేయవలెనో నీకెట్లు తెలిసెను? ఆమె కొంతసేపు ఊరకుండి, 1968లో తనకు ఎనిమిదవ నెలలో ఆడపిల్ల పోయినదని చెప్పెను. ఏబది సంవత్సరములకు పైగా అదే గుడిలో కూర్చున్నది, ఊరూర సువార్త చెప్పినది. ఈ మాట ఎవరును అడుగలేదు, ఆమె చెప్పలేదు. "మొగ్గలు కట్టేవాళ్లు లేకపోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు గదయ్యా" అనెను.

2023 జూన్ మాసములో ఒక సాయంకాలము నేను మరల ఆ యింటికి పోతిని. బైబిలు సంచిలోనే ఉంచితిని. "అమ్మా, ఆ రోజు నేను తప్పుగా మాట్లాడాను. క్షమించు" అంటిని. ఆమె ఏమియు అనలేదు. నేనును అనలేదు. బయట దీపములు పెట్టువేళ అయ్యెను. చాలసేపటికి ఆమె లేచి, పెట్టెలోనుండి పసుపురంగు ఊలు టోపీ ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టెను. తానే అల్లినదట, నా పిడికిలికి కూడ చాలనిది. ఆ బిడ్డకు పెట్టదలచిన పేరు చెప్పెను. ఆ పేరు బిడ్డ పోయిన దినమునుండి ఆ యింటిలో పైకి పలుకబడలేదని తరువాత తెలిసినది. దానిని ఇక్కడ వ్రాయను, అది వారిది.

ఆ పేరు పెట్టి ప్రార్థన చేయనా అని అడిగితిని. ఆమె తల ఊపెను. భర్త అంతవరకు వాకిట మోటారు సైకిలు తుడుచుచున్నట్లు నటించుచుండెను. నేను ఆ పేరు పలుకగానే గుడ్డ క్రింద పడవేసి లోపలికి వచ్చి, చెప్పులతోనే ఆమె ప్రక్కన మోకరించెను.